చెక్ ట్రే

ఆ రోజు ఆమె చేతులు తడిగా ఉన్నాయి.
అందుకని నేనే నొక్కాను,
"సమ్మతిస్తున్నాను" అన్న ఆకుపచ్చ గడిని,
వాయిల మస్తానమ్మ తరఫున,
ఆమె ఫోన్లో, నా బొటనవేలితో.

విడవలూరు దాటి రామతీర్థం పోయే దారిలో
ఆమెది రెండెకరాల కౌలు గుంట.
నాది మేతల కొట్లో బిల్లులు రాసే పని.
కంపెనీ పిల్లోడొకడు వచ్చి
టోపీ, టీషర్టు చేతిలో పెట్టి
ఫోనుకు డెబ్బై రూపాయలన్నాడు.
పొద్దుగూకే లోపల నలభై మూడు ఫోన్లలో
'గుంట నేస్తం' కాపురం పెట్టింది.

"ఎంత కట్టాల?" అందరూ అడిగిందే.
"ఏం కట్టబళ్ళేదు, ఊరికే" అన్నాను.
మస్తానమ్మ ఒక్కతే ఎగాదిగా చూసి
"ఊరికే ఇచ్చేవోడిది ఏ ఊరబ్బయా?" అంది.
నేను నవ్వి టోపీ సర్దుకున్నాను.

మంచిదే, కాదనను.
నీళ్ళలో ఉప్పెంతో చెప్పింది, మేత లెక్క చెప్పింది.
మూడో జాములో ఆక్సిజన్ పడిపోతుంటే
వాకిట్లో కుక్కలా మొరిగి ఆమెను లేపింది.
ఒక పంట ఆ మొరుగుడే కాపాడింది.
అందుకే రెండో పంటకి దానితో అన్నీ చెప్పుకుంది:
పిల్లని వదిలిన తేదీ,
ఎన్నో రోజుకు ఎంత కౌంటు,
ఎవరి దగ్గర ఎంత అప్పు,
రొయ్య పేగు తెల్లబడిందని ఒక సాయంత్రం
వణికే వేళ్ళతో తీసిన ఫొటో.

తెల్లారి ఏడు కాకముందే ఫోన్లు.
కోవూరు నుంచి ఒకడు, అల్లూరు నుంచి ఒకడు,
ఇంకొకడు యాడివాడో చెప్పలేదు.
గొంతులు మూడు, ధర ఒకటే,
కిలోకి అరవై తక్కువ.
"రోగమంట గదక్కా, ఇయ్యాలే పట్టించు,
రేపటికి ఇది గూడా రాదు."

ఇంట్లో ఇంకా చెప్పుకోలేదామె.
గట్టు మీద కాపలా పడుకునే పెంచలయ్యకీ తెలియదు.

మధ్యాహ్నం మా కొట్టు యజమాని
తన తెర మీద ఏదో చూసుకుని
"మస్తానమ్మకి అరువు ఆపు" అన్నాడు.
ఆమె పేరు పక్కన ఎర్ర చుక్క.
నేను పద్దు పుస్తకంలో గీత గీశాను.

రాత్రి ఆ షరతులు మొదటిసారి చదివాను.
ముప్పై ఒక్క పేజీ. ఇంగ్లీషు.
భాగస్వాములు అనే మాట పదకొండు చోట్ల.
మాకు తెలిసిన భాగమంటే
లాభంలో సగం, నష్టంలో సగం.

డెబ్బై రూపాయలు జేబులో పెట్టుకుని గుంటకి పోయాను.
ఆమె చెక్ ట్రే లేపుతోంది.
"దోసెడు మేతేసి దించతాం గదా,
ఊరికే వచ్చిందనుకుని తింటాయి.
రెండు గంటలాగి లేపి చూస్తే
గుంట గుట్టంతా ఈ మూరెడు వల్లో తెలిసిపోద్ది."
ఫోన్ వంక చూడలేదు.
నేనే చూశాను.
డబ్బులు తీస్తే వద్దంది.
"ఆ టోపీ మాత్రం పారేయబాక,
ఎండకి పనికొస్తది."

దాన్ని తీసెయ్యలేదామె.
ఇప్పుడు దానికి అబద్ధాలు మేపుతోంది,
నలభై కౌంటుంటే డెబ్బై అని.
నిజం మాత్రం కూతురి పాత సైన్సు నోటులో,
పువ్వు భాగాల బొమ్మ వెనక, పెన్సిల్‌తో.
అబద్ధం తిన్న యాప్ అబద్ధమే చెప్పింది.
మేత లెక్కలు తప్పాయి,
ఆమె నిద్ర తప్పింది.

మొన్న రాత్రి గట్టు మీద కూర్చునుంటే
ఆమె ఒళ్ళో ఫోన్ వెలిగింది.
మా సేవ నచ్చిందా, నక్షత్రాలివ్వండి అని.
"ఎన్నియ్యాలక్కా?" అన్నాను.
ఆమె గుంటలోకి చూసింది.
ఏరియేటర్లు నీళ్ళని చితక్కొడుతున్నాయి.
"అయ్యి ఆపితే గదబ్బయా
నీళ్ళల్లో చుక్కలు కనపడేది."

ఆపితే ఏం తేలుతాయో
ఇద్దరికీ తెలుసు.